లువా, గో, పైథాన్: చిన్న భాష తీసుకోవాలా, అన్నీ ఉన్న భాష తీసుకోవాలా?

ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వచ్చినా, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్ళినా, కొట్లకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే తెలుగు కుర్రాళ్ళు అక్కడక్కడా కనిపిస్తారు. బట్టల కొట్టుకు బిల్లింగు, రైస్ మిల్లుకు బస్తాల లెక్క, ట్యూషన్ సెంటర్‌కు ఫీజుల పట్టిక, ఇలాంటి పనులు. వీళ్ళకూ, గుణుపురం, రాయగడల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలకూ ఎప్పుడో ఒకప్పుడు ఒకే అనుమానం వస్తుంది. నాలుగు సూత్రాలతో ముగిసిపోయే చిన్న ప్రోగ్రామింగ్ భాష పట్టుకోవాలా, లేక అడిగిందల్లా పెట్టెలో ఉండే పెద్ద భాషా? భాష చిన్నదైతే మొత్తం తలకెక్కుతుంది, తికమక ఉండదు అంటారు కొందరు. ముందు పని కావాలి కదా, అందం తర్వాత అంటారు ఇంకొందరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భాషలోంచి తీసేసిన పని మాయమైపోదు. ఎవరో ఒకరు చేయాల్సిందే. మీరే చేయొచ్చు, మీరు నెట్ నుంచి దించుకున్న లైబ్రరీ (ముందే రాసి ఉంచిన కోడ్) రాసిన మనిషి చేయొచ్చు, మీరు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్ళిపోయాక ఆ ప్రోగ్రామ్ చూసుకునే తమ్ముడు చేయొచ్చు. కాబట్టి భాష ఎంత చిన్నది అని కాకుండా, అందులో లేని పని ఎవరి నెత్తిన పడుతోంది అని చూసి ఎంచుకోండి.

చిన్నది అంటే ఏది చిన్నది?

చాలామంది కీవర్డ్‌లు, అంటే భాష తనకోసం అట్టేపెట్టుకున్న పదాలు, లెక్కపెడతారు. లువా 5.4లో 22, గోలో 25, 1989 నాటి సీ ప్రమాణంలో 32, పైథాన్ 3లో 35. ఈ లెక్క చూస్తే నాలుగూ దాదాపు ఒకటే, వాటితో పనిచేస్తే మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. 1993లో ఒకాయన ఎనిమిదే ఎనిమిది గుర్తులతో ఒక భాష చేశాడు. సిద్ధాంతం ప్రకారం అందులో ఏ లెక్కైనా చేయొచ్చు. దానితో కొట్టు బిల్లు రాయమంటే దండం పెట్టి వెళ్ళిపోతారు.

మూడు సంగతులు విడివిడిగా చూడాలి: రాసే తీరు, అంటే సింటాక్స్, తలలో పెట్టుకోవాల్సిన భావాలు, భాషతో పాటే వచ్చే లైబ్రరీ. బ్రెజిల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో 1993లో పుట్టిన లువా మూడిట్లోనూ చిన్నదే. అందులో టేబుల్ అనే ఒక్క డేటా నిర్మాణం ఉంటుంది. జాబితా కావాలన్నా, నిఘంటువు కావాలన్నా, ఆబ్జెక్ట్ కావాలన్నా, మాడ్యూల్ కావాలన్నా అదే. గూగుల్‌లో తయారై 2009లో బయటికొచ్చిన గో వేరు. దాని సింటాక్స్ చిన్నది, లూప్ ఒక్కటే, కానీ వెబ్ సర్వర్, జేసన్, ఎన్‌క్రిప్షన్ అన్నీ పెట్టెలోనే ఉంటాయి. రస్ట్ అనే భాష దీనికి తిరగబడి ఉంటుంది. భావాలు బోలెడు, సొంత లైబ్రరీ మాత్రం కావాలనే కుదించారు, ర్యాండమ్ నంబర్ కావాలన్నా బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. పైథాన్‌లో లైబ్రరీ మొదటి నుంచీ పెద్దదే, సింటాక్స్ కూడా ఏటా కాస్త కాస్త పెరుగుతోంది. అందుకే "మినిమల్ భాష" అని ఎవరైనా అంటే, ఈ మూడిట్లో దేని గురించి అంటున్నారో అడగండి. లువా, గో రెండూ ఆ పేరుతోనే చలామణి అవుతున్నా, వాడేవాడి మీద అవి వేసే పని ఒకటి కాదు.

ఒకే బిల్లు, మూడు భాషలు

ఒడిశాలోని బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టు అనుకుందాం. ఖాతాదారుల్లో కొందరి పేర్లు తెలుగులో, కొందరివి ఒడియాలో, సరుకు పేర్లు ఇంగ్లీషులో. చీర ఊళ్ళోనే అమ్మితే 5 శాతం పన్నును సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని చెరిసగం చూపాలి. అదే సరుకు టోకున ఆంధ్రలోని ఇచ్ఛాపురం దుకాణానికి పంపితే రాష్ట్రం మారింది కనుక మొత్తం ఐజీఎస్టీ. సాయంత్రానికి అరువు ఖాతా తేలాలి. పెద్ద పనేం కాదు, కానీ భాషల గుణం ఇక్కడే తెలుస్తుంది.

ముందు పేర్లు చూద్దాం. శ్రీను, రాజు. మన కంటికి రెండూ రెండక్షరాల పేర్లే. కంప్యూటర్‌లో యూటీఎఫ్-8 పద్ధతిలో శ్రీను 18 బైట్లు, రాజు 12. యూనికోడ్ కోడ్ పాయింట్లుగా (ప్రతి అక్షర ముక్కకూ యూనికోడ్ ఇచ్చిన సంఖ్య) చూస్తే శ్రీను ఆరు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, న, కొమ్ము. రాజు నాలుగు. బిల్లులో పేరుకు 20 గళ్ళు కేటాయించి మిగతాది ఖాళీలతో నింపమన్నారనుకోండి. లువా ఫార్మాట్ ఫంక్షన్ బైట్లు లెక్కేసి శ్రీను పక్కన 2 ఖాళీలు, రాజు పక్కన 8 పెడుతుంది. పైథాన్, గో కోడ్ పాయింట్లు లెక్కేస్తాయి కాబట్టి 14, 16 పెడతాయి. మొదటి దాంట్లో ధరల వరస ఆరు గళ్ళు జరిగిపోతుంది, మిగతా రెండిట్లో రెండు గళ్ళు. కొట్టు యజమానికి మాత్రం ఎంత జరిగినా ఒకటే: "ఏటి బాబూ, ఈ పేరు కాడ అంకెలు పక్కకెళ్ళిపోనాయి?"

ఇందులో ఇంకో మెలిక ఉంది. పరీక్షకు రాము, రాజు, రాణి అని పెట్టుకుంటే మూడు భాషల్లోనూ గళ్ళు చక్కగా కుదురుతాయి, ఎందుకంటే ఆ మూడు పేర్లూ నాలుగేసి కోడ్ పాయింట్లే. శ్రీను వచ్చాకే బండారం బయటపడుతుంది. యూనికోడ్ వాళ్ళ నియమాలు కూడా చాలాకాలం "శ్రీ"ని శ్, రీ అని రెండు ముక్కలుగానే చూశాయి. తెలుగు, ఒడియా సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం 2023లో వచ్చిన 15.1 కూర్పులో చేరింది.

ఇక్కడ చిన్న భాష ఓడిందనీ, పెద్ద భాష గెలిచిందనీ అనలేను. లువా "నాకు బైట్లే తెలుసు" అని దాచకుండా ఒప్పుకుంటుంది. పైథాన్ సగం దూరం తీసుకెళ్ళి వదిలేస్తుంది. సగం పని చేసిపెట్టే భాషతో ఒక చిక్కు ఏమిటంటే, మిగతా సగం మన పనని చివరిదాకా తెలియదు. ఆచరణలో దీనికి మందు ఈ మూడింటి బయటే ఉంది: ఖాళీలతో గళ్ళు కట్టడం మానేసి, బిల్లును వెబ్ పేజీలో పట్టికగా వేసి, బ్రౌజర్‌నే ప్రింట్ చేయమనండి. చిన్న రోల్ కాగితం మీద కొట్టే థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు, ఒడియా ఫాంట్లు ఉండవు, బొమ్మగా పంపాల్సిందే. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కలిపి బొమ్మ తయారుచేసే పని బ్రౌజర్‌కు బాగా వచ్చు. అక్షరాలు లెక్కపెట్టాల్సి వచ్చినా జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ అని ప్రమాణంలోనే ఒకటి ఉంది. జావాస్క్రిప్ట్‌ను మినిమల్ భాష అని ఎవరూ అనరు. కానీ నాలుగు లిపుల మధ్య బతికే ఊళ్ళో ఆ పెట్టెలో ఉన్న సరుకే ముందు పనికొస్తుంది.

ఇక డబ్బు. 107 రూపాయల సరుకు మీద రెండున్నర శాతం అంటే 2.675. దీన్ని రెండు దశాంశాలకు సవరించమని పైథాన్‌లో మామూలు రౌండ్‌ను అడిగితే 2.68 కాదు, 2.67 ఇస్తుంది. తప్పు పైథాన్‌ది కాదు. మామూలు దశాంశ సంఖ్యలను కంప్యూటర్ ఫ్లోట్‌లుగా, రెండుల లెక్కలో (బైనరీలో) దాస్తుంది, ఆ సంఖ్య అందులో కచ్చితంగా నిలవదు. పైథాన్ పెట్టెలో డెసిమల్ అనే మాడ్యూల్ ఉంది, అది 2.68 అంటుంది. గోలో దశాంశ రకం అంతర్నిర్మితంగా లేదు, లువాలోనూ లేదు. వాటిలో లెక్కంతా పైసల్లో, పూర్ణాంకాలతో చేసుకోవాలి. నిజానికి పైథాన్‌లోనైనా నేను పైసల్లోనే చేయమంటాను, ఎవరైనా పొరపాటున డెసిమల్‌లో ఫ్లోట్ కలిపే ప్రమాదం ఉండదు. అంటే ఈ విషయంలో పెద్ద లైబ్రరీ పెద్దగా కలిసిరాలేదు. అయితే లువాలో పూర్ణాంకాలు విడిగా వచ్చింది 2015 నాటి 5.3తోనే. అంతకుముందు అన్నీ ఫ్లోట్లే. పాత 5.1 మీద నడిచే లువాజిట్ (లువాను వేగంగా నడిపే సాఫ్ట్‌వేర్) లాంటి వాటిలో ఇప్పటికీ అంతే.

అరువు ఖాతా దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పైథాన్‌తో పాటే వస్తుంది. గోలో డేటాబేస్‌తో మాట్లాడే చట్రం ఉంది, డ్రైవర్ విడిగా తెచ్చుకోవాలి. లువాలో అన్నీ తెచ్చుకోవడమే. కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలు చదవడానికి పైథాన్, గోలలో మాడ్యూల్ ఉంది. లువాలో తీగను (స్ట్రింగ్, అంటే అక్షరాల వరసను) కామా దగ్గర కోసే స్ప్లిట్ ఫంక్షన్ కూడా లేదు. ప్రతివాడూ తన స్ప్లిట్ తాను రాసుకుంటాడు, ఖాళీ గడి వచ్చినప్పుడు ఒక్కొక్కడిదీ ఒక్కో రకంగా తప్పుతుంది. నెట్ సరిగ్గా అందని కొండ ఊళ్ళలో కూర్చుని పనిచేసేవాడికి, పెట్టెలో ఉండటానికీ "దించుకోవచ్చులే"కూ మధ్య చాలా దూరం.

కొట్లలో పాత విండోస్ 7 మెషీన్లు ఇంకా నడుస్తుంటాయి. పైథాన్ 3.9 నుంచి వాటి మీద పనిచేయదు, గో 1.21 నుంచి పనిచేయదు. లువా మామూలు సీ కోడ్. సీ కంపైలర్ ఉన్న ఏ మెషీన్ మీదైనా కట్టుకోవచ్చు, మొత్తం సోర్సు మీ ఫోన్‌లో తీసిన ఒక ఫోటో కన్నా చిన్నది. చిన్నతనం నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే. కంప్యూటర్ కొత్తదైతే గో హాయి. మీ లాప్‌టాప్‌లో కట్టిన ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి పెడితే చాలు, అక్కడ ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

వద్దన్న భాషలు కూడా పెరుగుతాయి

ఈరోజు చిన్నగా ఉన్న భాష పదేళ్ళకూ అలాగే ఉంటుందన్న నమ్మకంతో ఎంచుకోకండి. గో వచ్చిన పన్నెండేళ్ళ దాకా జెనరిక్స్, అంటే ఒకే ఫంక్షన్‌ను వేర్వేరు రకాల డేటాకు వాడే సదుపాయం, లేవు. అడిగినవాళ్ళకు "ఇంకా సరైన రూపం దొరకలేదు" అనేవారు. ఒకే ఫంక్షన్‌ను పూర్ణాంకాలకొకటి, తీగలకొకటి అని జనం కాపీ కొట్టుకుంటూ బతికారు. చివరికి 2022 మార్చిలో 1.18తో వచ్చాయి. ఎర్రర్ చూసే మూడు లైన్లు ప్రతి పిలుపు కిందా రాయాల్సిన బాధ మాత్రం ఉండిపోయింది. 2019లో "ట్రై" ప్రతిపాదన వస్తే వాడేవాళ్ళే గోల పెట్టారు, వెనక్కి తీసుకున్నారు. దీనికోసం సింటాక్స్ మార్చే ప్రయత్నం ఇక చేయబోమని 2025లో గో బృందమే చెప్పేసింది. నాకైతే ఆ మూడు లైన్లు చిరాకే. కానీ మూడేళ్ళ తర్వాత ఇంకొకరి గో కోడ్ తెరిస్తే, ఎక్కడ ఏం తప్పొచ్చో పైనుంచి కిందికి చదువుకుంటూ పోవచ్చు.

పైథాన్‌లో తగువు ఇంకో రకం. ఒక్క వాల్రస్ ఆపరేటర్ (లెక్క మధ్యలోనే విలువకు పేరు పెట్టే := గుర్తు) మీద వాదన ఎంత ముదిరిందంటే, భాషను పుట్టించిన గైడో వాన్ రాసమ్ 2018 జూలైలో నిర్ణయాధికారం వదిలేసుకున్నాడు. ఆ ఆపరేటర్ మరుసటి ఏడు 3.8లో రానే వచ్చింది. మరోవైపు 2024లో 3.13 నుంచి, వాడకం తగ్గిపోయిన 19 పాత మాడ్యూళ్ళను తీసేశారు. పెద్ద పెట్టె పెట్టుకున్నవాడికి దాన్ని ఊడ్చే పని కూడా ఉంటుందన్నమాట.

పాత పైథాన్ 2లో తీగ అంటే బైట్లే. మూడో కూర్పు దాన్ని యూనికోడ్‌గా మార్చింది. 2008లో వచ్చిన ఆ మార్పును లోకమంతా మింగడానికి 2020 దాకా పట్టింది. ఇంగ్లీషు దేశాల్లో చాలామంది విసుక్కున్నారు. తెలుగు, ఒడియా పేర్లతో పనిచేసేవాళ్ళకు మాత్రం అది కష్టానికి తగ్గ ఫలితమే. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాషనే రాతలోకి తేవాలని పోరాడారు. భాషలు డిజైన్ చేసేవాళ్ళ తగువుల్లో ఎటువైపు ఉండాలో తేలనప్పుడు నాకు ఆయన గుర్తొస్తారు. వాడేవాళ్ళు రోజూ ఏం రాసుకుంటున్నారో చూసి, అది భాషలోకి తేవడమే మెరుగు. లువా వాళ్ళు పూర్ణాంకాలు, యూటీఎఫ్-8 లైబ్రరీ చేర్చింది కూడా అలాగే.

స్కీమ్ అనే భాష సంగతి వేరే పాఠం. 1975లో మొదలైన ఆ భాష వివరణ 1998 నాటికి సుమారు యాభై పేజీల్లో ముగిసేది. 2007లో పెద్దది చేయబోతే చాలామంది అమలుదారులు, అంటే ఆ భాషను నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు, ససేమిరా అన్నారు. ఆ తర్వాత చిన్న స్కీమ్, పెద్ద స్కీమ్ అని రెండుగా చీల్చి, 2013లో చిన్నది విడుదల చేశారు. ఈలోగా ప్రతి స్కీమ్ అమలూ తన లైబ్రరీ తాను కట్టుకుంది, ఒకదానికి రాసిన ప్రోగ్రామ్ ఇంకోదాంట్లో నడుస్తుందన్న భరోసా లేదు. భాష చిన్నగా ఉన్నా ఆ భాష పేరుతో పది రకాలు తయారైతే లాభం ఏముంది?

పెట్టెలో లేని చిన్న సరుకు ఎంత గొడవ తేగలదో తెలియాలంటే 2016 మార్చి చాలు. ఒక తీగకు ఎడమ పక్కన ఖాళీలు నింపే లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల జావాస్క్రిప్ట్ ప్యాకేజీని, ఇంకో ప్యాకేజీ పేరు మీద వచ్చిన తగువులో దాని రచయిత ఎన్‌పీఎమ్ అనే ప్యాకేజీల గోదాం నుంచి తీసేశాడు. దాని మీద ఆధారపడిన వేలాది ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. మరుసటి ఏడు ఆ పని చేసే ఫంక్షన్ జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే చేరింది.

మరి మీరేం తీసుకోవాలి?

కొట్లకు ఒంటరిగా సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాళ్ళయితే పైథాన్, ఆ పైన ముద్రణకు బ్రౌజర్. వేరే ఆలోచన పెట్టుకోకండి. డేటాబేస్, సీఎస్‌వీ, తేదీలు, వెబ్ అన్నీ చేతికందుతాయి, మీ తర్వాత చూసుకునే మనిషి కూడా రాయగడలోనైనా దొరుకుతాడు. ఆ దొరకడం కూడా భాష ఉపయోగంలో భాగమే. అయితే పైథాన్‌లో ఉన్నవన్నీ వాడేయకండి. డెకరేటర్లు, మెటాక్లాసులు, ఒక్క లైన్లో మూడు లూపుల కాంప్రెహెన్షన్లు చూపించుకోవడానికి బాగుంటాయి, పాడైనప్పుడు అర్ధరాత్రి ఫోన్లో వాటిని విడమరిచి చెప్పడం మాత్రం నరకం. భాష పెద్దదైనా మీరు వాడే భాగం చిన్నగా ఉంచుకోవచ్చు. ఈ సౌలభ్యం చిన్న భాష నుంచి పెద్ద దానివైపు పోయేటప్పుడు ఉండదు.

ముగ్గురు నలుగురు కలిసి పదేళ్ళు నడపాల్సిన సర్వీసు అయితే గో. 2012లో 1.0 విడుదలప్పుడు పాత కోడ్‌ను చెడగొట్టబోమని ఇచ్చిన మాటను ఇప్పటిదాకా నిలబెట్టుకుంటూ వస్తున్నారు. ఎవరు రాసినా కోడ్ ఒకేలా కనిపించేలా గోతో వచ్చే గోఎఫ్‌ఎమ్‌టీ పనిముట్టు సర్దిపెడుతుంది. కామా ఎక్కడ, బ్రాకెట్ ఎక్కడ అన్న వాదనలు ఆఫీసులో ఉండవు.

చదువుకునే పిల్లలు స్కీమ్‌తో ఒక సెలవుల కాలం గడపండి. ఉద్యోగం కోసం కాదు. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం), క్లోజర్ (ఫంక్షన్ తాను పుట్టిన చోటి విలువలను గుర్తుంచుకోవడం) లాంటివి సింటాక్స్ అడ్డురాకుండా అర్థమవుతాయి. సెలవులు అయ్యాక పైథాన్‌కో, గోకో వెళ్ళిపోండి. స్కీమ్‌లోనే ఉండిపోయి లోకాన్ని తిట్టుకునేవాళ్ళ జట్టులో చేరొద్దు.

లువాను ఒంటరిగా కాకుండా ఇంకో ప్రోగ్రామ్ లోపల పెట్టుకోండి. దాన్ని తయారుచేసింది అందుకే. రెడిస్ డేటాబేస్, నియోవిమ్ ఎడిటర్, ఎన్‌మ్యాప్ నెట్‌వర్క్ స్కానర్ లాంటివి చేసింది అదే. లైబ్రరీ లేని లోటు అక్కడ తెలియదు, కావాల్సిన ఫంక్షన్లు బయటి ప్రోగ్రామే అందిస్తుంది కాబట్టి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డిస్కౌంట్ల గొడవ దీనికి సరైన చోటు. ఠాకురాణి యాత్రకు ఒక రేటు, దసరాకు ఒకటి, పాత ఖాతాదారుకు ఒకటి. ప్రతిసారీ మీకు ఫోన్ చేయకుండా యజమానే మార్చుకునేలా ఉండాలి. అప్పుడు సొంతంగా ఒక బుల్లి భాష తయారుచేద్దామని చేతులు దురద పెడతాయి. "మొత్తం 5000 దాటితే 10 శాతం" అని మొదలవుతుంది. వారం తిరిగేసరికి "మరియు" కావాలంటారు, తర్వాత తేదీ పోలిక, తర్వాత ఒక పేరులో విలువ దాచుకోవడం. ఎర్రర్ వస్తే ఏ లైన్లో వచ్చిందో చెప్పలేని, ఎవరూ నేర్చుకోని ఒక భాష మీ మెడకు చుట్టుకుంటుంది. నియమాలు పట్టికలో పట్టేంత తేలికైతే ఎక్సెల్ షీట్‌లో పెట్టి చదువుకోండి, భాషే వద్దు. పట్టికకు లొంగకపోతే లువా పెట్టండి. ఫైళ్ళు ముట్టుకునే ఐఓ, ఓఎస్ లైబ్రరీలు అందులోకి ఎక్కించకుండా, బిల్లు మొత్తం, తేదీ, ఖాతాదారు రకం మాత్రమే కనిపించేలా లోడ్ ఫంక్షన్‌కు సొంత ఎన్విరాన్‌మెంట్ (ఆ కోడ్‌కు కనిపించే పేర్ల పట్టిక) ఇవ్వొచ్చు. ఈ సదుపాయం 5.2 నుంచి ఉంది. ఆగని లూప్ ఎవరైనా రాసేస్తారేమో అని టెన్షన్ ఉంటే, ఇన్ని సూచనలు దాటగానే ఎర్రర్ ఇచ్చి ఆపేలా డీబగ్ లైబ్రరీలోని సెట్‌హుక్‌ను మీ వైపు నుంచి కట్టి ఉంచండి. ఆ డీబగ్ లైబ్రరీని మాత్రం నియమాలు రాసేవాళ్ళ చేతికి ఇవ్వకండి.